ఉస్మానియాలో చేరితే ధర్నాలేనా?

డిగ్రీ అడ్మిషన్లు మొదలైతే చాలు, ఒక వాట్సాప్ మెసేజ్ మళ్లీ చక్కర్లు కొడుతుంది. అందులో ఉండేది ఇదీ: ఉస్మానియాలో చేరితే ధర్నాలు చేసి లీడర్ కావడమే, ఇంకో దారి లేదు, ఇంగ్లిష్ మీడియం కాకపోతే పైకి రారు, తీసుకున్న బ్రాంచిలోనే జీవితమంతా గడిచిపోతుంది. ఇది చదివి టెన్షన్ పడే తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి ఒక్కో ముక్కా చూద్దాం.

లీడర్లు వచ్చిన మాట నిజం. 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలబడిందీ ఆ క్యాంపసే. అదేదో చేయరాని పని చేసినట్టు మాట్లాడటం దేనికో నాకర్థం కాదు. సరే, లీడర్లు "తప్ప" ఎవరూ రాలేదా? 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా చేసిన వై.వి.రెడ్డి పీహెచ్‌డీ పట్టా ఉస్మానియాదే. 2007లో అడోబీ సీఈఓ అయిన శంతను నారాయణ్ ఇక్కడే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివారు. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ కొట్టిన క్రికెటర్ అజారుద్దీన్, ఉస్మానియా కిందే ఉన్న నిజాం కాలేజీ కుర్రాడు.

మీడియం సంగతికొస్తే, మెసేజ్ రాసినాయనకు ఈ యూనివర్సిటీ పుట్టుక తెలిసినట్టు లేదు. 1918లో దీన్ని పెట్టిందే ఉర్దూలో పై చదువులు చెప్పడానికి. పుస్తకాలు లేకపోతే ఎలా అని ఊరుకోలేదు, దారుల్ తర్జుమా అని ఒక అనువాద విభాగమే పెట్టి రాయించుకున్నారు. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. కవి సినారె (సి.నారాయణరెడ్డి) సంగతి చూడండి. హనుమాజీపేట పల్లె నుంచి వచ్చి, బీఏ దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఆ తర్వాత ఉస్మానియాలోనే తెలుగు ఎంఏ, పీహెచ్‌డీ చేశారు. అక్కడే పాఠాలు చెప్పారు. సినిమా పాటలు రాశారు, తెలుగు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ్ అందుకున్నారు. ఉర్దూ చదువు ఆయన తెలుగును ఎక్కడ చెడగొట్టిందో చూపించమనండి!

ఇక బ్రాంచి. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివిన ఒకాయన పందొమ్మిదేళ్లకే హైదరాబాద్ ఆకాశవాణిలో క్రికెట్ కామెంటరీ మొదలుపెట్టారు. ఆయనే హర్షా భోగ్లే. సినిమా దర్శకుడు శ్యామ్ బెనెగల్ ఉస్మానియాలో చదివింది ఎకనామిక్స్. విద్యార్థిగా ఉండగానే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. తర్వాత బొంబాయి వెళ్లి యాడ్ ఏజెన్సీలో కాపీలు రాశారు. 1974లో వచ్చిన మొదటి సినిమాకు మాత్రం తెలంగాణ పల్లెనే ఎంచుకున్నారు, పాత్రల చేత మన దఖ్ఖనీ మాట్లాడించారు. ఆ సర్టిఫికెట్ మీద ఎకనామిక్స్ అని ఉంటే ఏమైంది?

"అవన్నీ పాత రోజులు, ఇప్పుడు చెప్పండి" అంటారు కొందరు. ఈ మాటలో పస ఉంది. పది మంది పెద్దల పేర్లు చెప్పినంత మాత్రాన లక్షల మంది పట్టభద్రులకు ఉద్యోగాలు దొరికాయని కాదు. పేరున్నవాళ్ల జాబితాతో యూనివర్సిటీని ఆకాశానికెత్తెయ్యడం ఎంత తప్పో, ధర్నా ఫొటో ఒకటి పెట్టి తీసిపారెయ్యడమూ అంతే తప్పు. ప్రొఫెసర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటం, కాంట్రాక్టు వాళ్లతో క్లాసులు నెట్టుకురావడం, ఇవీ అసలు కష్టాలు. పోస్టులు నింపాల్సింది విద్యార్థులు కాదు, ప్రభుత్వం. విద్యార్థులు రోడ్డెక్కేది చాలాసార్లు అందుకే. అంత పొడుగు మెసేజ్‌లో ఈ ముక్క ఒక్కటీ లేదు.