పాములు రాకుండా చల్లే మందులు: వాట్సాప్ మెసేజ్‌కి జవాబు

వానలు మొదలైతే చాలు, విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. అందులో చెప్పేది ఇదీ: ఇంటి చుట్టూ గంధకం, కలరా ఉండల పొడి చల్లండి, వాసనకే పాము రాదు. కార్బాలిక్ యాసిడ్ అయితే ఇంకా గట్టిది. గుళికల మందు వేస్తే తిరుగే లేదు. పెరట్లో సర్పగంధి నాటండి. స్తోమత ఉంటే మనిషి చెవికి అందని శబ్దం చేసే అల్ట్రాసోనిక్ సోలార్ కడ్డీ పాతండి. చివర్లో సాక్ష్యం కూడా ఉంటుంది: "మా వీధిలో అందరం వాడాం, ఒక్క పామూ రాలేదు." 2024లో బుడమేరు వాగు ముంచిన విజయవాడ సింగ్‌నగర్ వాళ్లకీ, కరకట్ట పక్కన ఉండేవాళ్లకీ పాము భయం ఉండటంలో వింతేమీ లేదు. మెసేజ్‌లోని మందుల సంగతి వేరు.

వాసనకే రాదు అన్నది ముందు చూద్దాం. పాము నాలుక చాచి గాలిలోని, నేలమీది రసాయనాలను అందుకుని నోటి పైభాగంలో ఉండే జాకబ్సన్ అవయవానికి చేరుస్తుంది. కాబట్టి గంధకం ఉందని దానికి తెలుస్తుంది. తెలిసినా దాటిపోతుంది. అమెరికాలో 1980ల్లో కలరా ఉండలు, గంధకం లాంటి ఇంటి చిట్కాలను వరసగా పరీక్షిస్తే ఎలుకలు తినే పాములు ఏదీ లెక్కచేయలేదు. 28 శాతం గంధకం, 7 శాతం నాఫ్తలీన్ (కలరా ఉండల్లో ఉండేది) కలిపి డబ్బాల్లో అమ్మిన పొడి కూడా అక్కడి గార్టర్ జాతి పాముల్ని ఆపలేకపోయింది. అంతదూరం ఎందుకు, మన మిరప చేలే చూడండి. బూడిద తెగులుకి లీటరు నీళ్లకి 3 గ్రాముల గంధకం కలిపి కొడుతూనే ఉంటాం. పాముకి గంధకం పడకపోతే కాయ కోతకి వెళ్లే కూలీలకి రక్తపింజర భయమే ఉండకూడదు. దాల్చిన చెక్క నూనె లాంటివి నేరుగా పాము మీద పిచికారీ చేస్తే పారిపోతుందని పరీక్షల్లో తేలిన మాట నిజం. ఆ పాములు గ్వామ్ దీవిలో బెడదగా మారిన చెట్టుపాములు. ఎదురుగా ఉన్న పాము మీద కొట్టడానికీ, గోడ వారన చల్లి వానాకాలమంతా కాపలా కాస్తుందనుకోవడానికీ పోలికే లేదు.

కార్బాలిక్ యాసిడ్ అంటే ఫినాల్. మీద పడితే పాము చర్మం కాలుతుంది, మెలికలు తిరుగుతుంది. వీడియోల్లో చూపించేది అదే. మన చర్మమూ అలాగే కాలుతుంది. పైగా పడినచోట మొద్దుబారుతుంది కాబట్టి మంట తెలియక కడుక్కోవడం ఆలస్యమవుతుంది. ఈలోగా ఒంట్లోకి ఇంకి గుండెనీ మూత్రపిండాలనీ దెబ్బతీస్తుంది. పొరపాటున పడితే బట్టలు తీసేసి కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి ఆస్పత్రికి వెళ్లాలి. పిల్లులకి ఫినాల్ మరీ విషం, ఇంట్లో పిల్లి ఉంటే ఆ సీసా అసలు లోపలికి తేవద్దు.

గుళికలంటే ఎక్కువగా ఫోరేట్ అనే పురుగుమందు. 2020 డిసెంబరు 31 తర్వాత దేశంలో దీని వాడకం పూర్తిగా నిషిద్ధం. ఎక్కడో పాత నిల్వ దొరికిందని పెరట్లో చల్లితే ముందు పోయేది కోళ్లూ కుక్కలూ. చేతికి అంటినా చర్మం గుండా విషమెక్కుతుంది. కలరా ఉండలు కూడా పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. జీ6పీడీ (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్న బిడ్డకి ఆ నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు పగిలిపోతాయి.

సర్పగంధి వేరులోంచి రక్తపోటు మందు తీశారు. పేరులో సర్పం ఉంది, అంతే.

సోలార్ కడ్డీ. పాము చెవి బాగా పట్టుకునేది సుమారు 80 నుంచి 600 హెర్ట్జ్ వరకే. అల్ట్రాసోనిక్ మొదలయ్యేదే 20,000 దగ్గర. ఆ మోత దానికి వినపడనే వినపడదు. కొన్ని కడ్డీలు నేలను అదిలిస్తాయి, ఆ అదురు పాముకి తెలుస్తుంది కూడా. అయితే రోజంతా రైళ్లు వెళ్లే కట్టల కింద పందికొక్కు బొరియల్లో పాములు హాయిగా కాపురం చేస్తున్నాయి.

"రాలేదు" అన్నది రుజువెలా అవుతుంది? ఏమీ చల్లని ఇళ్లలో కూడా చాలావాటికి ఏడాదంతా పాము రాదు. చల్లిన ఇళ్లనీ చల్లని ఇళ్లనీ ఒకే వీధిలో పక్కపక్కన పెట్టి లెక్క చూస్తేనే తేలుతుంది.

పాము వచ్చేది ఎలుక కోసం, కప్ప కోసం, పొడి చోటు కోసం. లోపలికి దూరేది కంతలోంచి. ఆ డబ్బేదో కంతల మీద పెట్టండి. బాత్రూమ్ తూముకీ ప్రహరీ తూముకీ పావు అంగుళం కన్నుల స్టీలు మెష్ బిగించాలి. ప్లాస్టిక్ మెష్ అయితే ఎలుకలు కొరికేస్తాయి. వానాకాలంలో వారానికోసారి ఆకులు తీయకపోతే నీళ్లు ఎదురుతన్ని, చిరాకేసి మెష్షే పీకేస్తారు, సాధారణంగా జరిగేది ఇదే. ఏసీ పైపు చుట్టూ ఉన్న సందుని ఫోమ్‌తో కాకుండా సిమెంటుతో పూడ్చండి. తలుపు కింద రబ్బరు పట్టీ వేస్తే ముందు అరిగేది మూలలే, అక్కడ వెలుతురు కనపడుతోందా అని రాత్రి లైటేసి చూసుకోండి. కట్టెలు, కొబ్బరి మట్టలు, ఇటుకలు గోడకి ఆనించి పేర్చవద్దు. కోళ్ల మేత, ధాన్యం మూతలున్న డబ్బాల్లో ఉంచితే ఎలుకలు తగ్గుతాయి.

రాత్రిపూట ఇంట్లోకి వచ్చి నేలమీద పడుకున్నవాళ్లని కరిచేది ఎక్కువగా కట్లపాము. దానికి మంచం, అంచులు పరుపు కిందకి దోపిన దోమతెర మంచి అడ్డు. దోమతెర పాముకాటు ముప్పును బాగా తగ్గిస్తుందని నేపాల్‌లో చేసిన అధ్యయనంలో తేలింది కూడా. పొలంలో మోకాలి దాకా గంబూట్లు, చీకట్లో టార్చి.

చుట్టూ మందు చల్లాం కదా, ఇది పాము కాటు కాదులే అని ఆగిపోవడం అన్నిటికంటే ప్రమాదం. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. తాడు బిగించడం, కోయడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచితే చాలు. పామును చంపి తీసుకెళ్లే పనీ లేదు, మన దగ్గర ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే.