గోల్డ్‌ఫిష్‌కి మతిమరుపట!

మా అమ్మాయి మూడో తరగతి. సోమవారం అసెంబ్లీలో చేపల గురించి ఏవైనా వింతలు చెప్పమన్నారట. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న ‘చేపల గురించి ఐదు నిజాలు’ అనే ఫార్వర్డ్‌ని పొల్లు పోకుండా బట్టీ పట్టేసింది. నాకది ఇప్పటికి మూడు గ్రూపుల్లో వచ్చింది. ఐదింటిలో ఒక్కటీ నిజం కాదు. విశాఖలో ఉంటూ, ఆదివారమైతే ఫిషింగ్ హార్బర్‌కి పరిగెత్తే మనం పిల్లలకు చెప్పాల్సినవేనా ఇవి?

మొదటిది: ‘గోల్డ్‌ఫిష్‌కి మూడు సెకన్లకు మించి ఏదీ గుర్తుండదు.’ ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లు కూడా దీన్ని షేర్ చేస్తున్నారు, అదీ వింత. మేత డబ్బా చేతిలోకి తీసుకోగానే చేపలన్నీ పైకి ఎందుకొస్తున్నాయి మరి? ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీవాళ్లు గోల్డ్‌ఫిష్‌కి మీట నొక్కి మేత తెచ్చుకోవడం నేర్పారు. తర్వాత రోజులో ఒక గంట మాత్రమే మీట పనిచేసేలా చేస్తే, ఆ వేళ కూడా కనిపెట్టేశాయి. ఇజ్రాయెల్‌లో బెన్ గురియన్ యూనివర్సిటీవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. నీళ్ల తొట్టెకి చక్రాలు బిగించి, చేప ఎటు ఈదితే బండి అటు కదిలేలా చేశారు. మేత దొరికే గుర్తు వైపు గోల్డ్‌ఫిష్‌లు బండిని నడుపుకుంటూ వెళ్లాయి. ఆ ప్రయోగం సంగతి 2022లో అందరికీ తెలిసింది. ఇది చెప్పగానే మా అమ్మాయి ఫార్వర్డ్‌ని సగం మర్చిపోయింది.

రెండోది: ‘చేపలు నిద్రపోవు, కళ్లు మూయవు కదా.’ చాలా చేపలకు రెప్పలే లేవు, ఏం మూస్తాయి? ఒకచోట కదలకుండా ఉండిపోవడమే వాటి నిద్ర. కొన్ని రకాల చిలుక చేపలైతే రాత్రిపూట ఒంటిచుట్టూ జిగురుతో సంచిలాంటిది అల్లుకుని మరీ పడుకుంటాయి.

మూడోది: ‘చేపలు మూగవి.’ ఈ మాట హార్బర్‌లో చేపలమ్మే ఆవిడతో అంటే నవ్వేసింది. “ఏటి బాబూ, గొరకలు అరవడం ఎప్పుడూ వినలేదేటి?” అంది. గొరక చేపల్ని ఇంగ్లీషులో క్రోకర్లు, అంటే బొంగురుగా అరిచేవి, అనేది అందుకే. పొట్టలోని గాలితిత్తి దగ్గరి కండరాల్ని కదిలించి డోలు కొట్టినట్టు చప్పుడు చేస్తాయి.

నాలుగోది: ‘ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద చేప తిమింగలం.’ ఇందులో మన మాట తప్పు కూడా కొంత ఉంది. తిమి అంటే పెద్ద చేప. దాన్ని మింగేది కనక తిమింగలం. పేరులోనే చేప దూరింది. కానీ తిమింగలానికి మొప్పలుండవు. ఊపిరితిత్తులతో గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే. పిల్లల్ని కని పాలు ఇస్తుంది. తోక చూసినా తెలిసిపోతుంది: చేప తోకని పక్కలకు ఊపుతుంది, తిమింగలం పైకీ కిందకీ ఊపుతుంది.

మరి పెద్ద చేప ఏది? వేల్ షార్క్. పేరులో తిమింగలం ఉన్నా అది సొరచేపే. 18 మీటర్ల దాకా పెరుగుతుంది. ఇంత చేసీ దాని తిండి నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, చిన్నచిన్న చేపలు. దీన్ని చూడ్డానికి ఎక్కడికో పోనక్కర్లేదు. 2021 డిసెంబరులో మన తంతడి తీరంలోనే ఒకటి చిక్కుకుపోతే, మత్స్యకారులు, అటవీ శాఖవాళ్లు కలిసి దాన్ని ప్రాణాలతో సముద్రంలోకి పంపారు. 2001 నుంచి దాన్ని పట్టడం చట్టరీత్యా నేరం.

ఐదోది: ‘చేప తిని పెరుగన్నం తింటే బొల్లి వస్తుంది.’ మా అమ్మ కూడా ఇదే అనేది. చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతినడం వల్ల వచ్చేది బొల్లి. చాలావరకు ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున వాటి మీద దాడి చేస్తుంది. దానికీ కూరకీ సంబంధం లేదు. బెంగాలీలు చేపని పెరుగులోనే వండుకు తింటారు. అసలు బాధేమిటంటే, ఇలాంటి మాట విన్న పిల్లలు బొల్లి ఉన్న తోటి పిల్లని చూసి ‘నువ్వేం తిన్నావు?’ అని అడుగుతారు.

ఇక అసెంబ్లీ సంగతి. ఐదూ పోయాయి కాబట్టి మా అమ్మాయి కొత్తగా పండుగప్పని ఎంచుకుంది. ఆ చేప సాధారణంగా మొదట మగదిగా ఎదుగుతుంది, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. “ముందు నాన్న, తర్వాత అమ్మ” అని అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తోంది. టీచరు ఏమంటారోనని నాకే టెన్షన్‌గా ఉంది.