కళ్లు మూసుకోండి, కొండ కనిపిస్తుంది

పోయిన ఆదివారం 500 రూపాయలు కట్టి బంజారాహిల్స్‌లో లేని రోడ్డు చూసొచ్చాను.

ఉన్న రోడ్లు ఉచితమే. కాకపోతే అవి దొరకవు. రోడ్ నంబర్ 10 బంజారాహిల్స్‌లో ఒకటుంది, జూబ్లీహిల్స్‌లో ఇంకోటుంది. మనం ఒకదాని దగ్గర నిలబడితే క్యాబ్ రెండోదాని దగ్గర మన కోసం ఎదురుచూస్తుంది. ఇక ఇంటి నంబర్ల సంగతి. జూబ్లీహిల్స్ సొసైటీ ప్లాట్లలో ఎవరినడిగినా 8-2-293/82/ఏ అని మొదలుపెడతారు. అది అడ్రసు కాదండీ, గోత్రం. ఇల్లు కావాలంటే ఆ తర్వాత ఇంకా చాలా చదవాలి.

ఇలాంటి చోట కనుమరుగైన దారులూ పాత ఇళ్లూ వెతికిస్తాం రండి అంటే వెళ్లకుండా ఎలా ఉంటాం? పైగా టికెట్‌లోనే ఇడ్లీ.

ఉన్నదాన్ని చూపిస్తే టూరు, లేనిదాన్ని చూపిస్తే హెరిటేజ్ వాక్. ఈ తేడా నాకు ఉదయం ఆరున్నరకి ఒక మాల్ పార్కింగ్‌లోకి దిగే ర్యాంపు దగ్గర బోధపడింది. మా గైడ్ పాతికేళ్ల కుర్రాడు, చెవికి మైకు తగిలించుకున్నాడు. "ఇక్కడో గుట్ట ఉండేదండీ. అందరూ ఒక్కసారి కళ్లు మూసుకుని ఊహించుకోండి" అన్నాడు. పదహారు మందిమి మూసుకున్నాం. వెనక నుంచి కారు హారన్ కొట్టింది. గుట్ట మీదికి కారెలా వచ్చిందని ఒకావిడ కళ్లు తెరవకుండానే విసుక్కుంది.

తర్వాత ఒక షోరూం. "ఇక్కడ బండిబాట ఉండేదండీ." మూసుకున్నాం. ఆ తర్వాత ఒక కాఫీ షాపు. "ఇక్కడ వాగు దిగేదండీ." మూసుకున్నాం. వాగు చల్లగా తగులుతోందని ఒకాయన పరవశించిపోయాడు. అది కాఫీ షాపు ఏసీ. తలుపు తీసి ఉంది. ఐదో చోటుకొచ్చేసరికి, రిటైరైన ఇంజనీరు అంకుల్ ఒకాయన అసలు కళ్లు తెరవడమే మానేసి భార్య భుజం పట్టుకుని నడుస్తున్నారు. తెరవండి అంకుల్, పడిపోతారు అంటే, "ఎందుకు బాబూ, మళ్లీ మూయాలిగా!" అన్నారు. ఆ రోజు మా అందరిలోకీ ఎక్కువ చరిత్ర చూసింది ఆయనే అనుకుంటా.

ఈ కొండల మీద ఒకప్పుడు మెహదీ నవాజ్ జంగ్ అనే పెద్దమనిషి ఇల్లు కట్టుకున్నారు. నిజాం కొలువులో అధికారి, తర్వాత 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నరు అయ్యారు. ఆయన చేసిన వింత పనేమిటంటే, బండ అడ్డొస్తే పగలగొట్టకుండా దాన్ని కలుపుకుని కట్టడం. బండను ఇంట్లోకి రానిచ్చిన మనిషి! 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ అతిథిగా వచ్చి, ఈ రాళ్లను చూసి కవిత కూడా రాశారు. ఇప్పుడొస్తే ఆయన కూడా కళ్లు మూసుకునే రాయాలి. వాక్‌కి ముందు రోజే ఆ ఇంటి జాడ కనుక్కుందామని ఒక ఆటో ఆపి, మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు ఎటు అని అడిగాను. డ్రైవర్ మొహం జాలిగా పెట్టి, "క్యాన్సరా సార్? ఎవరికి?" అంటూ మీటరు కూడా వేయకుండా రెడ్‌హిల్స్‌లో ఆయన పేరుతో ఉన్న క్యాన్సర్ ఆస్పత్రి వైపు తిప్పాడు. మన ఊళ్లో పెద్దల పేర్లు ఇళ్ల మీద నిలవవు, ఆస్పత్రుల మీద నిలుస్తాయి.

ఆ బండల వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూమ్మీద చేప కూడా పుట్టకముందే గడ్డకట్టిన గ్రానైటు. కంప్రెసర్ పెట్టి డ్రిల్లు కొట్టి, జిలెటిన్ దూర్చితే ఎన్ని రోజులు పడుతుందో ఈ ఊళ్లో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. కొన్ని రాళ్లను కాపాడదామని హెరిటేజ్ జాబితాలో కూడా ఎక్కించారు. బేర్స్ నోస్, మష్రూమ్ రాక్ అని ముద్దుపేర్లు కూడా పెట్టారు. ఆ జాబితాకు ఆధారం నగర నిర్మాణ నిబంధనల్లో 13వది. 2015 డిసెంబరులో ఆ నిబంధననే తీసేశారు. కంగారు పడకండి, 2017లో కొత్త హెరిటేజ్ చట్టం వచ్చింది. 250 కోట్ల ఏళ్లు ఆగిన బండ ఇంకో రెండేళ్లు ఆగలేదా?

చివరి మజిలీ ఒక టవర్ ముందు. ఎత్తెంతో చూద్దామంటే మెడ పట్టేసింది. పేరులో 'రాక్' ఉంది, రాయి మాత్రం లేదు. గైడ్ గొంతు తగ్గించి, "ఈ కొండలకి పేరిచ్చిన బంజారాల తాండాలు ఇటువైపే ఉండేవండీ. కళ్లు మూసుకుని ఒక బంజారాని ఊహించుకోండి" అన్నాడు.

నాకు ఇడ్లీ వాసన తగిలి ముందే తెరిచాను. ఎదురుగా గేటు పట్టుకుని వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. మీది ఏ ఊరని అడిగాను. "దేవరకొండ దిక్కు సార్. తాండ" అన్నాడు.

పదిహేను మంది ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు.

నవాబు ఎవరో, ఆయనింట్లో ఎవరు దిగారో, ఏ రాయి మీద ఏ కవిత రాశారో అన్నీ రాసిపెట్టుకున్నాం. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం మోస్తూ దక్కనంతా దారులు వేసినవాళ్ల దారి ఒక్కటి కూడా రాసుకోలేదు. గోల్కొండ కోటలో ఒక దర్వాజాకి వాళ్ల పేరుంది, ఇక్కడ కొండలకి వాళ్ల పేరుంది. ఆ పేరు చెప్పి గజాల లెక్కన అమ్ముకుంటారు. ఆ పేరుగల మనిషి మాత్రం సర్వీసు లిఫ్టులో ఎక్కాలి, స్టూలు మీద నిద్రపోవాలి, సెల్లారులో వండుకోవాలి, ఫ్లాటు ఓనరు కుక్క వస్తే లేచి నిలబడాలి. సిగ్గు లేదూ మనకి? ఆ మనిషిని చూడ్డానికి 500 రూపాయలు కట్టి, ఆయన ముందే కళ్లు మూసుకుంటామా?

"ఏం చూస్తున్నరు సార్ వీళ్లంతా?" అని అడిగాడు. తాండా అన్నాను. గైడ్ వంక జాలిగా చూసి, "గీడేడుంది సార్! ఎంజీబీఎస్ పోయి దేవరకొండ బస్సెక్కాలె" అన్నాడు.

అందరూ కళ్లు తెరిచారు. ఇడ్లీలు తిన్నాం. చట్నీ బాగుంది. గ్రూప్ ఫొటో దిగుదామని గైడ్ ఫోను వాచ్‌మన్ చేతికిచ్చాడు. ఆయన రెండడుగులు వెనక్కి వెళ్లి, ఫోను అడ్డంగా పట్టుకుని చక్కగా తీశాడు. పదహారు మందిమీ పడ్డాం, వెనక టవర్ పేరు కూడా పడింది.