దొడ్డిగుమ్మానికి మావిడాకుల తోరణం

సత్యనారాయణపురంలో మా తాతగారి పెంకుటింటికి వీధిగుమ్మం అలంకారం, దొడ్డిగుమ్మం అవసరం. పాలమనిషి, కట్టెల బండి, పక్కింటి కబుర్లు అన్నీ అటునుంచే. వీధరుగు మీద అప్పులవాడు కూర్చుంటే తాతగారు బయటికి పోయేదీ అటునుంచే. ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు. మా వాటాకొచ్చిన ఫ్లాటుకి ఒకే ఒక్క తలుపు. దానికి ఇనుప గ్రిల్లు, లోపల గొళ్లెం, కింద వాచ్‌మన్, మెట్ల దగ్గర సీసీ కెమెరా. దొడ్డిదారి అనేదే లేకుండా ఒక తెలుగు కుటుంబం ఎన్నాళ్లు బతకగలదని నాకు బెంగగా ఉండేది.

మొన్న ఆ బెంగ తీరింది. మా ఇంటికీ దొడ్డిగుమ్మం ఉందట. అది కంప్యూటర్లో ఉందట. ఎనిమిది నెలలుగా బార్లా తెరిచే ఉందని మా మేనల్లుడు కనిపెట్టాడు. యజమానికి తెలియకుండా బయటివాడు కంప్యూటర్లోకి వచ్చిపోయే దొంగదారి అన్నమాట. ఇంగ్లీషువాళ్లు దీన్ని బ్యాక్‌డోర్ అంటారు. ఆలోచన మనది, తర్జుమా వాళ్లది.

దాని ప్రారంభోత్సవం స్వయంగా నేనే చేశాను కాబట్టి వివరాలు చెప్పగలను. ఖాళీ సమయంలో శుభలేఖలు, సావనీర్లు కంపోజ్ చేస్తుంటాను. తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ కొనాలంటే డబ్బు పెట్టాలి. గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా బావమరిది ఫోన్ చేసి, "డబ్బు పెట్టడమేంటి బావా, మరీ అమాయకుడివి" అని ఒక లింకు పంపాడు. క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం పగలగొట్టిన కాపీ, దిగింది. దానితోపాటు ఒక చిన్న చీటీ కూడా దిగింది. ముందు మీ యాంటీవైరస్‌ని ఆపండి, తర్వాత ఈ ఫైలుని అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడపండి, అని అందులో ఉంది. దొంగవాడు ముందుగా ఉత్తరం రాసి, "రాత్రికి వస్తున్నాను, కుక్కని కట్టేసి, బీరువా తాళంచెవి గడప మీద పెట్టి పడుకోండి" అన్నట్టు. సత్యనారాయణ వ్రతంలో పంతులుగారి మాట కూడా నేనంత శ్రద్ధగా వినలేదు. చీటీలో ఉన్నది ఉన్నట్టు చేశాను. ఫాంట్లు బ్రహ్మాండంగా పనిచేశాయి. ఆ సంగతి ఒప్పుకోవాలి.

బ్యాక్‌డోర్ మర్యాద గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌ది వీధిరౌడీ పద్ధతి. బ్యాక్‌డోర్ అలా కాదు. వచ్చినట్టు చెప్పదు, అల్లరి చెయ్యదు, ఏమీ అడగదు. మీరు కొట్టే ప్రతి అక్షరం రాసుకుంటుంది, తెర ఫొటో తీస్తుంది, బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డులు మోసుకుపోతుంది, కావాలంటే కెమెరా తెరుస్తుంది, తోచినప్పుడు తన చుట్టాలని కూడా పిలిపించుకుంటుంది. ఇన్ని పనులు చేస్తూ కాఫీ కూడా అడగని అతిథి ఈ బెజవాడలో ఎవరింటికైనా వచ్చాడా?

మరి ఫైర్‌వాల్ ఏం చేస్తున్నట్టు అని నేనూ అడిగాను. అదీ మా వాచ్‌మన్ లాంటిదే. బయటినుంచి వచ్చేవాడిని ఆపి పేరు అడుగుతుంది, లోపలినుంచి వెళ్లేవాడికి మామూలుగా సలాం కొడుతుంది. అందుకని ఈ కాలపు బ్యాక్‌డోర్లు చాలావరకు బయటివాడి పిలుపు కోసం ఎదురుచూడవు. లోపల కూర్చుని అవే బయటికి ఫోన్ చేస్తాయి, "అయ్యగారూ, ఈ పూట ఏం చెయ్యమంటారు?" అని. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ఊరంతా ప్రకాశం బ్యారేజీ వైపే చూస్తూ ఉన్నాం. గేట్లన్నీ ఎత్తారు, వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం కృష్ణ కాదు, వెనకనుంచి వచ్చిన బుడమేరు వాగు. అది చూసినవాణ్ని కూడా నేను వీధిగుమ్మానికే రెండో గొళ్లెం పెట్టించుకున్నాను.

దొరికిన తీరు చెప్పుకోదగ్గది కాదు గానీ చెబుతాను. నేను పంపకుండానే నా మెయిల్‌లోంచి మా వియ్యంకుడికి ఏదో లింకు వెళ్లింది. అదృష్టం కొద్దీ ఆయన నొక్కలేదు. నేను పంపేది ఏదీ ఆయన చదవడు.

మేనల్లుడు ఇంజినీరింగ్ మూడో ఏడు. వాడొచ్చి నల్లతెర తెరిచి నెట్‌స్టాట్ అని ఏదో కొట్టాడు. మన కంప్యూటర్ ఆ క్షణంలో ఎవరెవరితో మాట్లాడుతోందో జాబితా వచ్చింది. అందులో ముక్కూమొహం తెలియని చిరునామా ఒకటుంది. మాట్లాడుతున్న ప్రోగ్రాం పేరు ఎస్‌వీసీహోస్ట్. "ఇది విండోస్‌వాళ్లదేనట కదరా" అన్నాను, గూగుల్లో చూసి.

"పేరు వాళ్లదే మావయ్యా. అసలువాడు సిస్టమ్32 ఫోల్డర్లో కాపురం ఉంటాడు. వీడు నీ యాప్‌డేటాలో ఉన్నాడు. ఇంటిపేరు ఒకటైతే చుట్టాలైపోతారా?"

ప్రాసెస్‌ని చంపాడు. రెండు నిమిషాల్లో లేచింది. ఫైలు తుడిచాడు. కంప్యూటర్ ఆపి వేసేసరికి మళ్లీ ప్రత్యక్షం. ఎమ్మెల్యేగా ఓడిస్తే ఎమ్మెల్సీగా వచ్చినట్టు. చివరికి, కంప్యూటర్ లేవగానే వాటంతటవే మొదలయ్యేవన్నీ చూపించే ఆటోరన్స్ అనే ఉచిత పనిముట్టుతో వెతికితే, వేళకి పనులు మొదలెట్టే టాస్క్ షెడ్యూలర్లో ఒక పద్దు, విండోస్ సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో ఇంకో పద్దు దొరికాయి. అంతకన్నా ముచ్చటైన సంగతి ఇంకొకటి. యాంటీవైరస్ తనిఖీ చెయ్యకూడని చోట్ల జాబితాలో సీ డ్రైవ్ మొత్తాన్ని రాసిపెట్టి ఉంది. అంటే ఎనిమిది నెలలుగా మా ఇంటి వాచ్‌మన్ డ్యూటీలోనే ఉన్నాడు, ఇల్లు తప్ప మిగతా లోకమంతా కాపలా కాస్తూ.

నాకు సిగ్గేసింది. కాస్త చదివాక తగ్గింది, మహామహుల ఇళ్లకే దొడ్డిగుమ్మాలున్నాయి. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కట్టిన కెన్ థాంప్సన్, 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలోనే, ప్రోగ్రాములని తయారుచేసే కంపైలర్లోనే దొంగతలుపు దాచవచ్చని వివరించాడు. కంప్యూటర్ శుభ్రం చేస్తానని చెప్పే సీక్లీనర్‌లోకే 2017లో బ్యాక్‌డోర్ దూరి సుమారు 22 లక్షల మంది ఇళ్లకి వెళ్లింది. 2024లో ఎక్స్‌జెడ్ అనే లైనక్స్ సాఫ్ట్‌వేర్ కథ మరీ ముచ్చట. ఒకాయన రెండేళ్లకు పైగా ఉచితంగా సాయం చేస్తూ, ఇల్లరికపుటల్లుడిలా తాళాలగుత్తి చేతికి వచ్చేదాకా ఆగి, అప్పుడు తలుపు పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకి అనుమానం రాబట్టి పట్టుబడింది. అర సెకను! మా బెంజి సర్కిల్ దగ్గర అరగంట ఆలస్యమైనా ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

ఇక విరుగుడు. బావమరిది ఫోన్‌లో, "రీసైకిల్ బిన్ ఖాళీ చేశావా బావా?" అన్నాడు. ఎదురు ఫ్లాటాయన ఇంకో యాంటీవైరస్ కూడా వేయమన్నాడు. ఇద్దరు వాచ్‌మన్లుంటే ఒకరినొకరు దొంగనుకుంటారని మేనల్లుడు వద్దన్నాడు. "దసరాకి బొట్టు పెట్టలేదు, అందుకే" అంది మా ఆవిడ. నిజమే, ప్రతి దసరాకీ సీపీయూకి గంధం, కుంకుమ పెడతాం. అప్‌డేట్ మాత్రం ఏనాడూ పెట్టలేదు.

మేనల్లుడు ముందుగా నెట్ కేబుల్ పీకాడు. లోపలివాడికి ఫోన్ లైను తెగాలి కదా. తర్వాత విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాడు. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దొంగ లేచి ముసుగేసుకునే వ్యవధి ఉండదట. పదిహేను నిమిషాల్లో రెండు దొరికాయి. "అయిపోయింది కదరా, ఇక భోంచేద్దాం" అన్నాను.

"ఎనిమిది నెలలు ఇంట్లో ఉన్నాడు మావయ్యా. ఒక తాళంచెవి దొరికింది. ఎన్ని చేయించుకున్నాడో నీకు తెలుసా?"

తెలియదు. అందుకని ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం పక్కన పెట్టి, ఒక్క ప్రోగ్రాము కూడా కాపీ చెయ్యకుండా, వాడి ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ సైటునుంచి తయారుచేసుకున్న పెన్‌డ్రైవ్‌తో డిస్కు మొత్తం తుడిచి విండోస్ మళ్లీ వేశాం. పాస్‌వర్డులు ఫోన్‌లోనుంచి మార్చాం, ముందు మెయిల్‌ది, ఆ తర్వాత బ్యాంకుది. మెయిల్‌లో అన్ని పరికరాలనుంచీ సైన్ అవుట్ నొక్కించాడు. దొంగ బ్రౌజర్ కుకీలు, అంటే మనం లాగిన్ అయినట్టు గుర్తుపెట్టుకునే చీటీలు, పట్టుకుపోయి ఉంటే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రాగలడట. ఖాతాలో డబ్బు కదిలి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలన్నాడు. కదల్లేదు. దొంగ బ్యాలెన్స్ చూసి జాలిపడ్డాడని మా ఆవిడ అభిప్రాయం.

మిగిలింది ఫాంట్ల సమస్య. మేనల్లుడు గూగుల్ ఫాంట్స్ తెరిచి చూపించాడు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, అష్టదిగ్గజాల్లోని ఈ నలుగురూ అక్కడే ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయలు కూడా ఉన్నాడు. భువనవిజయంలో కనీసం సగం, ఫాంట్ల రూపంలో, పైసా ఖర్చు లేకుండా, చట్టప్రకారం, వీధిగుమ్మం ముందే నిలబడి ఉంది.

ఈ సంతోషం బావమరిదితో పంచుకుందామని ఫోన్ చేశాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు.

"ఊరికే ఇస్తున్నారా? నాకేదో తేడాగా ఉంది బావా. అలాంటివి కంప్యూటర్లోకి ఎక్కించకు."