మన గుండెకు ఎవరి లెక్క?

లాన్సెట్ వైద్య పత్రిక 2004లో ఇద్దరు డాక్టర్ల ఫొటో వేసింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు. తీరా ఒంట్లో కొవ్వు ఎంతుందో కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం తేలింది. తూకం యంత్రానికి తెలియని సంగతి ఆ ఒక్క ఫొటోతో బయటపడింది.

ఇది పుట్టుకతోనే మొదలవుతోందని యాజ్ఞిక్ బృందం అంతకుముందే చూపించింది. పుణె దగ్గరి పల్లెల్లో శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లో పుట్టినవారిది 3.5 కిలోలు. మన బిడ్డలకు కండ తక్కువ, చర్మం కింద కొవ్వు మాత్రం ఆ బరువుకు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. తల్లి కడుపులో తిండి చాలక చిక్కిన బిడ్డ పెద్దయ్యాక కడుపునిండా తింటే షుగరు, బీపీ త్వరగా పట్టుకుంటున్నాయని ఢిల్లీ, పుణె అధ్యయనాలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. ఆసియావాసుల విషయంలో బీఎంఐ 23 దాటినప్పుడే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే సూచించారు. అయినా 24 ఉన్న మనిషికి ‘మీకేం, దిట్టంగా ఉన్నారు’ అనే కితాబే ఇప్పటికీ దొరుకుతోంది.

గుండెజబ్బుల గురించి మన డాక్టర్లు చదువుకున్నదంతా చాలావరకు పరాయి ఒళ్ల మీద తేలిన లెక్క. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948లో 5,209 మందితో ఒక అధ్యయనం మొదలైంది. వారిలో దాదాపు అందరూ తెల్లవారే. బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం గుండెకు చేటని ప్రపంచానికి గట్టిగా చెప్పింది ఆ అధ్యయనమే. ఆ రుణం చిన్నదేమీ కాదు. కానీ ‘రాబోయే పదేళ్లలో మీకు గుండెపోటు వచ్చే అవకాశం ఇంత’ అని చెప్పే లెక్కల పట్టికలు చాలాకాలం అక్కడి నుంచే వచ్చాయి. నలభై ఏళ్ల తెలుగువాడి ముప్పును అవి తక్కువ చేసి చూపితే తప్పు పట్టికది కాదు. మన పట్టిక మనం తయారు చేసుకోకపోవడమే అసలు లోపం. విడ్డూరం ఏమిటంటే, ఈ తేడాను ముందుగా లెక్కలోకి తీసుకున్నది కూడా బయటి దేశాలే. బ్రిటన్‌లో 2008లో వచ్చిన క్యూరిస్క్2 పద్ధతి భారతీయులు, పాకిస్థానీలు, బంగ్లాదేశీల ముప్పును వేర్వేరుగా లెక్కిస్తుంది. అమెరికా 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలను ముప్పు పెంచే అంశాల్లో చేర్చాయి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ‘మన జీన్సే అంత’ అని చేతులెత్తేయడం. మా అభిప్రాయంలో ఇది అసలు విషయాన్ని పక్కదారి పట్టించే మాట. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి సలీం యూసుఫ్ నడిపించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవారిని, రానివారిని పోల్చి చూసింది. చెడు కొలెస్ట్రాల్, పొగ, షుగరు, బీపీ, పొట్ట, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయలు తినకపోవడం, ఒళ్లు కదలకపోవడం, మద్యానికి సంబంధించిన అలవాట్లు, ఈ తొమ్మిదే పదింట తొమ్మిది గుండెపోట్లకు లెక్క చెబుతున్నాయని తేల్చింది. దక్షిణాసియాలోనూ అవే. తేడా వయసులో ఉంది. మనవాళ్లకు మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53 ఏళ్లయితే మిగతా దేశాల్లో 58.8 అని 2007లో ఆ బృందం ప్రకటించింది. ఎందుకిలా? ఆ చేటు కారణాలే మనవాళ్లను చిన్న వయసులో పట్టుకుంటున్నాయి కాబట్టి. వాటిని కలిపి లెక్కేస్తే వయసు తేడాలో చాలాభాగం మాయమైంది. అంటే ఇందులో మన చేతిలో ఉన్నదే ఎక్కువ.

అలాగని జీన్స్ పాత్ర లేదనడం లేదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ కూడా పాలుపంచుకున్న పరిశోధన 2009లో ఒక సంగతి బయటపెట్టింది. గుండె కండరానికి అవసరమైన ఒక ప్రోటీన్ తాలూకు జీన్‌లో 25 అక్షరాలు ఎగిరిపోయిన లోపం ఈ ఉపఖండంలో నూటికి నలుగురిలో ఉందని, దానికీ గుండె కండరం బలహీనపడే జబ్బుకూ సంబంధం ఉందని తేల్చింది. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకెళ్లే లైపోప్రోటీన్ ఎ అనే కణం ఉంటుంది. అది ఎంత ఉండాలో దాదాపు పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది. జీవితంలో ఒక్కసారి పరీక్ష చేయించుకుంటే చాలు. దక్షిణాసియావారిలో దానివల్ల జరిగే నష్టం ఎక్కువని ఇంటర్‌హార్ట్ సమాచారమే చెబుతోంది. కానీ లోపం కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని మోస్తున్నవారిని ఏళ్ల తరబడి గమనించి ఎవరికి ఎప్పుడు ఏ మందు ఇవ్వాలో తేల్చడం మరో ఎత్తు. మొదటిదానికి ప్రయోగశాల చాలు. రెండోదానికి ఓపిక, డబ్బు, మనుషులు కావాలి. మనం వెనకబడ్డది అక్కడే.

మందుల సంగతి చూద్దాం. కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్ ఒకే మోతాదు వేసుకున్నా ఆసియావాసుల రక్తంలో దాని పాళ్లు తెల్లవారికన్నా సుమారు రెట్టింపు ఉంటున్నాయి. భారతీయులూ అందులో ఉన్నారు. అందుకే ఆసియావారికి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో సూచించింది. క్లోపిడోగ్రెల్‌ది దీనికి తిరగేసిన కథ. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఈ మందు మింగగానే పనిచేయదు, కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మార్చాలి. తూర్పు లండన్ కేంద్రంగా బ్రిటన్‌లోని పాకిస్థానీ, బంగ్లాదేశీ కుటుంబాల మీద సాగుతున్న జీన్స్ అండ్ హెల్త్ అధ్యయనంలో 57 శాతం మందికి ఆ ఎంజైము సరిగా పనిచేయని జన్యు లక్షణం కనిపించింది. దీన్ని చదివి ఎవరూ మాత్రలు మానేయకూడదు, అది ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరును అడగండి. అయితే స్టెంట్లు వేసే మన క్యాథ్‌ల్యాబుల్లో ఇన్నేళ్లుగా వాడుతున్న మందు గురించి ఇంత ముఖ్యమైన కబురు లండన్ నుంచి రావాల్సి వచ్చిందంటే మాకు ఇబ్బందిగానే ఉంది.

మన రోగుల మీద పరీక్షిస్తే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి ఇన్విక్టస్ ట్రయల్ ఒక్కటి చాలు. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై కీళ్లవాతంగా ముదిరి గుండె కవాటాలను తినేసే రుమాటిక్ జబ్బు ధనిక దేశాల్లో దాదాపు కనుమరుగైంది. అందుకే గుండె లయ తప్పినవారికి వచ్చిన కొత్తతరం రక్తం పలచబరిచే మందులను ఈ రోగుల మీద సరిగా పరీక్షించనే లేదు. పదేపదే రక్తపరీక్ష అక్కర్లేదు కాబట్టి పేదవారికి కొత్త మందే నయమని చాలామంది అనుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన గణేశన్ కార్తికేయన్ ముందుండి నడిపినవారిలో ఒకరుగా, 24 దేశాల్లో నాలుగున్నర వేల మందికి పైగా రోగులతో ట్రయల్ జరిగింది. 2022లో ఫలితం వచ్చింది. పాతకాలపు చవక మందులే గెలిచాయి, అవి వాడినవారిలో మరణాలు తక్కువ. అందరూ అనుకున్నదే నిజమని ఊరుకుని ఉంటే ఎన్ని ప్రాణాలు పోయేవో!

జబ్బు, మందు సరే. వైద్యం అందడం మాటేమిటి? బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు నడిపిన క్రియేట్ అధ్యయనం 50 నగరాల్లోని 89 ఆసుపత్రులకు గుండెనొప్పితో చేరిన 20 వేల మందికి పైగా రోగుల వివరాలు సేకరించి 2008లో ప్రచురించింది. తీవ్రమైన గుండెపోటు వచ్చినవారు ఆసుపత్రి మెట్లెక్కడానికి పట్టిన నడిమి సమయం 360 నిమిషాలు, అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువే పట్టింది. గంటలోపు వెళ్తే గుండె కండరం దక్కుతుంది, మనవాళ్లకు ఆరు గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో ఏం జరుగుతుందో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. గ్యాస్ అనుకుని సోడా తాగడం, వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షను, ఆటో కోసం వెతుకులాట, మొదటి ఆసుపత్రిలో ‘ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అనే మాట. నెల తిరిగేలోపు చనిపోయినవారు పేదల్లో 8.2 శాతం, ధనికుల్లో 5.5 శాతం. అందిన చికిత్సను సరిచేసి లెక్కేస్తే ఈ తేడా పోయింది. పేదవాడి గుండె ధనికుడి గుండెకన్నా బలహీనమైనదేమీ కాదన్నమాట, చికిత్సే సగం సగం అందింది. మా దృష్టిలో ఈ ఉపఖండంలో గుండెజబ్బుల మీద జరిగిన పరిశోధనలన్నిటిలోకీ ఎక్కువగా కలచివేసే వాక్యం ఇదే. ఏ జన్యు పరీక్షా దీనికి మందు కాదు.

పల్లెకు గుండెజబ్బు రాదన్న భ్రమ కూడా ఎప్పుడో పోవాల్సింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఏమిటో ఇంటింటికీ వెళ్లి ఆరా తీస్తే, మూడింట ఒక వంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బులవల్లే అని తేలింది. ఇలా ఇళ్లకు వెళ్లి అడగాల్సి రావడమే మన దుస్థితి. దేశంలో 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావారు దేనితో పోయారో రికార్డుకు ఎక్కదు.

మరి మనవాళ్లు పరిశోధనలకు ముందుకు వస్తారా? వస్తారు, నమ్మకం ఉంటే. ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టు ఆ నమ్మకాన్ని బాగా దెబ్బతీసింది. ఆ తర్వాత కొందరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ చెప్పింది, కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేసిన సంగతి దేశమంతా చూసింది. 2019 కొత్త క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు నష్టపరిహారం, నైతిక కమిటీల విషయంలో కొంత స్పష్టత తెచ్చాయి. రోగికి తన భాషలో అర్థమయ్యేలా చెప్పాలన్న నిబంధన మాత్రం చాలాచోట్ల పదిపేజీల అనువాద తెలుగుకే పరిమితమవుతోంది. దాన్ని చదివి అర్థం చేసుకోగలిగే డాక్టర్లు కూడా తక్కువే అనిపిస్తుంది.

విదేశాల్లోని మనవాళ్ల అధ్యయనాలతో సరిపెట్టుకుందామంటే కుదరదు. అమెరికాలో 2010 నుంచి సాగుతున్న మసాలా అధ్యయనం మంచిదే, పేరు కూడా బాగుంది. మొదట చేరిన 906 మందీ శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాలవారు, ఎక్కువమంది బాగా చదువుకుని స్థిరపడ్డవారు. ఎండలో మట్టి మోసే కర్నూలు కూలీకీ, కాలిఫోర్నియా ఇంజినీరుకూ ముత్తాతలు ఒకరే అయినా గుండె మీద పడే భారం ఒకటి కాదు.

ప్రభుత్వాలను మేము అడుగుతున్నవి అసాధ్యమైనవేమీ కావు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. అప్పటి నుంచి ఆ పథకం కింద జరిగిన గుండె చికిత్సల వివరాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. అవి బిల్లులు చెల్లించడానికి పుట్టిన లెక్కలు. రోగి పేరు, ఊరు తెలియకుండా తీసేసి పరిశోధకులకు తెరవండి. స్టెంట్ వేయించుకున్న మనిషి ఏడాది తర్వాత ఎలా ఉన్నాడు, మందులు వాడుతున్నాడా, మళ్లీ ఆసుపత్రిలో చేరాడా, ఈ మూడు ప్రశ్నలకు ఏఎన్ఎం ఫోన్ చేసి జవాబు రాసుకున్నా చాలు, ప్రపంచంలో చాలా దేశాల దగ్గర లేని సమాచారం మన చేతికొస్తుంది. ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలలో గుండెపోటు రిజిస్ట్రీ ఉండాలి, దానికి డేటా రాసే మనిషిని జీతమిచ్చి పెట్టాలి. ఇప్పటికే ఓపీలో ఊపిరాడని పీజీ విద్యార్థి నెత్తిన ఇది కూడా పెడితే నింపేది ఫారాలే.

ఇలాంటిది మనకు చేతకాదనేవారు హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న 29 గ్రామాల సంగతి తెలుసుకోవాలి. జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య వాటిలో సగం గ్రామాల గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం అందేలా చూసింది. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక శాస్త్రవేత్తలు మళ్లీ వెతుక్కుంటూ వెళ్లారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు మిగతావారికన్నా 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు. షుగరుకు దారితీసే ఇన్సులిన్ నిరోధకత వారిలో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిగుతు కూడా తక్కువే. అంగన్‌వాడీలో పెట్టే తిండి గుండె దాకా వెళ్తుందని 2008లో ప్రపంచానికి చెప్పింది మన పల్లెలే.

ఆ తర్వాత ఆ కుటుంబాలన్నిటినీ కలిపి సాగిన అధ్యయనానికి డబ్బు ఎక్కువగా వెల్‌కమ్ ట్రస్టు వంటి విదేశీ సంస్థల నుంచి వచ్చింది. ఆ పిల్లలు ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డారు. మనవాళ్లకు గుండె మొరాయించడం మొదలయ్యే వయసు అది. వారిని మళ్లీ పరీక్షించే ఖర్చు ఈసారి తెలంగాణ ప్రభుత్వ బడ్జెట్‌లో ఒక పద్దుగా కనిపించాలి.