పొటాషియం దిగింది, మరి షుగరో?

రక్తంలో పొటాషియం 6.5 దాటిందని ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే వార్డు వార్డంతా పరుగులు పెడుతుంది. పెట్టాల్సిందే. లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాల్సినది అంత పెరిగితే గుండె ఏ నిమిషాన లయ తప్పుతుందో, ఏ నిమిషాన ఆగుతుందో చెప్పలేం. ఆ పరుగుతో మాకు పేచీ లేదు. రెండు గంటల తర్వాత మళ్లీ పరీక్ష చేసి, 5.6కి దిగిందని తెలియగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారే, మా భయం అక్కడ మొదలవుతుంది.

ఒంట్లోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. బయట తిరిగేది మిగతా 2 శాతమే. ఎక్కువైనదాన్ని బయటికి పంపే పని ప్రధానంగా కిడ్నీలది. అత్యవసరంగా ముందు ఇచ్చే మందులేవీ ఆ పని చేయవు. కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ పొటాషియాన్ని పిసరంత కూడా తగ్గించదు, గుండెకు కాపు కాస్తుందంతే. నిమిషాల్లో పని మొదలుపెడుతుంది, అరగంట నుంచి గంటలోపు దాని బలం అయిపోతుంది. ఇన్సులిన్, నెబ్యులైజర్‌లో ఇచ్చే ఆస్తమా మందు సాల్బుటమాల్ పొటాషియాన్ని కణాల్లోకి నెడతాయి. అలా లోపలికి పోయింది కొన్ని గంటల్లో మళ్లీ రక్తంలోకి వస్తుంది. 5.6 చూసి వైద్యం అయిపోయిందనుకోవడం, అప్పుకు వాయిదా దొరికితే తీరిపోయిందనుకోవడం లాంటిదే. ఒంట్లోంచి నిజంగా పోవాలంటే మూత్రంలో పోవాలి, మలంలో పోవాలి, లేదంటే డయాలసిస్ చేయాలి.

ఇన్సులిన్‌తో ఇంకో చిక్కు ఉంది. మామూలుగా 10 యూనిట్ల ఇన్సులిన్‌తో పాటు 25 గ్రాముల గ్లూకోజ్ ఎక్కిస్తారు. గ్లూకోజ్ తొందరగా ఖర్చయిపోతుంది. ఇన్సులిన్ మాత్రం నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తూనే ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఇంకా ఎక్కువసేపు, ఎందుకంటే ఇన్సులిన్‌ను వదిలించుకోవడంలోనూ కిడ్నీల పాత్ర ఉంది. పొటాషియం పెరిగేది ఎక్కువగా కిడ్నీ రోగుల్లోనే కదా! అంటే ఈ వైద్యం ఎవరికి ఎక్కువగా అవసరమో, షుగర్ పడిపోయే ముప్పు కూడా వారికే ఎక్కువ. బక్కపలచని వారికి, డయాబెటిస్ లేనివారికి, మొదటే షుగర్ తక్కువగా ఉన్నవారికి మరింత ముప్పు. రాత్రి రెండింటికి ఆ రోగి మగతగా పడి ఉంటే నిద్రపోతున్నాడని అందరూ అనుకుంటారు. ఈలోగా డ్యూటీ మారుతుంది. ఇన్సులిన్ ఇచ్చిన సంగతి కేస్ షీట్‌లో ఉంటుంది, గంట గంటకూ షుగర్ చూడాలన్న మాట ఉండకపోవచ్చు.

దీనికి ఖరీదైన యంత్రాలేం అక్కర్లేదు. వేలి చివర నుంచి ఒక చుక్క రక్తం, గ్లూకోమీటర్ చాలు. పొటాషియం కోసం ఇన్సులిన్ రాసే ప్రతి ఆర్డర్‌లోనే ఆరు గంటల పాటు గంట గంటకూ చేయాల్సిన షుగర్ పరీక్షలు, పొటాషియం మళ్లీ చూడాల్సిన వేళలు కలిసి ఉండాలి. ఒకటి లేకుండా రెండోది రాసే వీలే ఉండకూడదు. మొదట్లోనే షుగర్ డెసిలీటరుకు 126 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉన్నవారికి తర్వాత కూడా 10 శాతం గ్లూకోజ్‌ను సన్నగా ఎక్కించమని బ్రిటన్ కిడ్నీ వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. 10 యూనిట్లు ఇవ్వాలా, 5 చాలా అన్న చర్చ నిపుణుల మధ్య సాగనివ్వండి. ఎన్ని ఇచ్చినా షుగర్ చూడాల్సిందే.

రక్తం తీసేటప్పుడు కణాలు పగిలిపోతే లేని పొటాషియం కూడా రిపోర్టులో కనిపిస్తుంది. అనుమానముంటే మళ్లీ తీసి చూడాలి. కానీ ఈసీజీలో మార్పులు కనబడుతుంటే రెండో రిపోర్టు కోసం చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ఈసీజీ బాగుందంటే గండం లేదనీ కాదు.

పేగుల్లో పొటాషియాన్ని పట్టి ఉంచే పొడి మందుల మీద మోజు కూడా కాస్త తగ్గాలి. సోడియం పాలీస్టైరీన్ సల్ఫోనేట్ 1958 నుంచీ వాడుకలో ఉంది. పనిచేయడానికి గంటలు పడుతుంది, అరుదుగా పేగులను దెబ్బతీస్తుంది కూడా. అమెరికాలో 2015లో పటిరోమర్‌కు, 2018లో సోడియం జిర్కోనియం సైక్లోసిలికేట్‌కు అనుమతి వచ్చింది. ఇవి రోజుల తరబడి అదుపులో ఉంచడానికి పనికొస్తాయి. డయాలసిస్ అవసరమైన రోగికి పొడి కలిపి ఇచ్చి తెల్లారేదాకా చూద్దామనడం మాత్రం మాకు మింగుడుపడదు.

అసలు పొటాషియం ఎందుకు పెరిగింది? చాలాసార్లు జవాబు రోగి మందుల చీటీలోనే దొరుకుతుంది. బీపీకి, గుండెకు ఇచ్చే కొన్ని మాత్రలు, నొప్పి బిళ్లలు, ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్, ఆఖరికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ కూడా పొటాషియాన్ని పెంచగలవు. అలా పొటాషియాన్ని పెంచగల మాత్రల్లో ఒకటైన స్పైరనోలాక్టోన్ తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ రోగుల ప్రాణాలు కాపాడుతుందని 1999లో తేలింది. దాని వాడకం ఒక్కసారిగా పెరిగింది. కెనడాలోని ఒంటారియోలో అలాంటి వృద్ధ రోగుల్లో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవారు 1994లో వెయ్యికి 2.4 ఉంటే, 2001 నాటికి 11కి చేరారు. మందు మంచిదే, వెనకాల రక్తపరీక్షలు జరగకపోతేనే తంటా.

అలాగని గండం గడిచాక ఆ మందును శాశ్వతంగా కొట్టేయడమూ సరికాదు. గుండెకు అది చేసే మేలు పోతుంది. ఆపిన మందు ఏది, మళ్లీ మొదలుపెట్టాలా, ఎంత డోసులో, రక్తపరీక్ష ఏ రోజున చేయించుకోవాలి, ఆ రిపోర్టు ఎవరు చూస్తారు అన్నవి డిశ్చార్జ్ కాగితం మీద రోగికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. ఇంటికి పంపే ముందు ఆ కాగితాన్ని ఎవరో ఒకరు రోగికి చదివి వినిపించాలి కూడా.