కోల్‌స్లా గిన్నెలో ఆ నీళ్లేంటండీ?

మా నార్త్ కరోలినాలో ఎండలు మొదలయ్యాయంటే ప్రతి వీకెండూ ఎవరో ఒకరింట్లో గ్రిల్ వెలుగుతుంది. చికెన్‌కి ముందురోజు రాత్రే మసాలా పట్టిస్తారు. మొక్కజొన్న పొత్తులకి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దుతారు. అన్నీ శ్రద్ధగానే చేస్తారు గానీ కోల్‌స్లా, అదే పచ్చి క్యాబేజీ సలాడ్, దాని దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని బద్ధకం. షాపులో తరిగి అమ్మే క్యాబేజీ ప్యాకెట్ చింపడం, డ్రెసింగ్ సీసా వంచడం, ఒక తిప్పు తిప్పి టేబుల్ మీద పెట్టేయడం. అరగంటకల్లా గిన్నె అడుగున తెల్లటి నీళ్లు. అవి ప్లేట్లో పారి పక్కనున్న పులిహోరలో కలుస్తాయి. పైగా "నాకసలు కోల్‌స్లా పడదండీ" అని ఓ మాట!

క్యాబేజీలో నూటికి 92 పాళ్లు నీళ్లే. డ్రెసింగ్‌లోని ఉప్పు, చక్కెర తగలగానే అవి బయటికి రాక ఏంచేస్తాయి? కాకరకాయ ముక్కలకి ఉప్పు రాసి, కాసేపాగి గట్టిగా పిండే అలవాటు మనింట్లో అందరికీ ఉంది. క్యాబేజీ దగ్గర ఆ చెయ్యి ఎందుకు ఆడదో నాకర్థం కాదు.

అరకిలో క్యాబేజీని చాకుతోనే సన్నగా తరగండి. మిక్సీలో వేస్తే నలిగి ముద్దవుతుంది. చెంచాన్నర ఉప్పు చల్లి, చేత్తో కలిపి, చిల్లుల గిన్నెలో గంటసేపు వదిలేయండి. తర్వాత నీళ్లలో ఒకసారి జాడించి, పిడికిలి నిండా తీసుకుని పిండండి. కొంచెం నోట్లో వేసుకుంటే మెత్తగా వంగాలి, అయినా కరకరమనాలి. క్యారెట్ తురుము అప్పుడు కలపండి. డ్రెసింగ్‌లో మళ్లీ ఉప్పు వేసేముందు రుచి చూడండి, ఉన్నది సరిపోవచ్చు.

డ్రెసింగ్ అంటే ఏముంది, నాలుగు పెద్ద చెంచాల మయోనీస్, ఒక పెద్ద చెంచా వెనిగర్, అర చెంచా ఆవముద్ద, మిరియాల పొడి, చిటికెడు చక్కెర. చిటికెడే! సీసాల్లో దొరికేది పాయసానికి అన్నలా ఉంటుంది. ఇక్కడి అమెరికా దక్షిణాది వాళ్లు డ్యూక్స్ మయోనీస్ మీద ప్రాణం పెడతారు. పక్క రాష్ట్రం సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్లో 1917లో యూజీనియా డ్యూక్ అనే ఆవిడ సైనికులకి శాండ్విచ్‌లు అమ్ముతూ మొదలుపెట్టిన సరుకది. అందులో చక్కెర ఉండదు, పులుపు నిలబడుతుంది. నా ఓటు దానికే.

అసలు మయోనీస్ లేకుండా కోల్‌స్లా లేదనుకోవడమే పొరపాటు. మా రాష్ట్రంలోనే లెక్సింగ్టన్ వెళ్లండి. బార్బెక్యూ పంది మాంసం పక్కన ఎర్రటి స్లా పెడతారు. వెనిగర్, కెచప్, మిరియాలు, కాస్త చక్కెర, అంతే. కొవ్వున్న మాంసానికి ఆ పులుపు పడితే ఉంటుంది చూడండీ! మన బిర్యానీ పక్కన కూడా నేను అదే పెడతాను. నవ్వేవాళ్లు నవ్వుతారు, గిన్నె మాత్రం ఖాళీ అవుతుంది.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లికి వేరే తిప్పలు. ఫుడ్ పాయిజనింగ్ కేసులు వచ్చాక 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనీస్‌ని ఏడాదిపాటు నిషేధించింది. మంచిపనే. ఆ ఎండల్లో పచ్చిగుడ్డు సొనతో చేసినదాన్ని బయట పెట్టుకుని అమ్మడం ఏం ధైర్యమో! ఎగ్‌లెస్ ప్యాకెట్లేమో మా చెల్లికి తియ్యగా, జిగురుగా అనిపిస్తాయి. దానికి నేను చెప్పింది ఒకటే. గట్టి పెరుగుని పల్చటి గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా వేలాడదియ్యి, పొద్దున దాంట్లో రెండు చెంచాల నూనె, ఆవపొడి, నిమ్మరసం వేసి గిలక్కొట్టు అని. "ఇది పెరుగు పచ్చడే కదే అక్కా" అంది. పోపు పెట్టనంతవరకూ కాదు అన్నాను.

ఇక కోల్‌స్లాలో పైనాపిల్ ముక్కలు, కిస్‌మిస్‌లు వేసేవాళ్లు దయచేసి కామెంట్లలోకి రావద్దు.